టీఎన్ఎఫ్ ఆల్ఫా వేసినా హీలా కణాలు చావట్లేదంటే ప్రోటీన్ చెడిపోయినట్టేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఈ.కోలి బ్యాక్టీరియాలో తయారైన రీకాంబినెంట్ హ్యూమన్ టీఎన్ఎఫ్ ఆల్ఫా (కణాలకు వాపు, చావు సంకేతాలిచ్చే ప్రోటీన్), 10 మైక్రోగ్రాముల వయల్ తెప్పించారు. మూత తీస్తే లోపల పొడి కనిపించలేదు. అయినా సీనియర్ చెప్పారని, ల్యాబ్‌లో ఆటోక్లేవ్ చేసిన నీళ్లు 1 మిల్లీలీటరు పోసి కలిపారు. ఆ ట్యూబునే ఫ్రిజ్‌లో పెట్టుకుని వాడుతున్నారు. హీలా కణాలకు (ల్యాబుల్లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల చొప్పున 24 గంటలు ఇస్తే ఎంటీటీలో, అంటే ఎన్ని కణాలు బతికున్నాయో రంగుతో చూపే పరీక్షలో, ఏ తేడా రాలేదు. ఇప్పుడు మీ గైడ్ హెచ్ఈకే293 అనే మానవ కణాల్లో చేసిన ప్రోటీన్ కొందామంటున్నారు, దాని ధర మూడింతలు. కొనాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే కొనకండి. టీఎన్ఎఫ్ ఒక్కటే వేస్తే హీలా కణాలు చావకపోవడం మామూలే. దాన్ని బట్టి ప్రోటీన్ చెడిపోయిందని తేల్చలేం. మీరు కలిపిన పద్ధతి వల్ల స్టాక్ బలం కొంత తగ్గి ఉండొచ్చు. కానీ తగ్గిందో లేదో చెప్పే పరీక్ష మీరింకా పెట్టలేదు. ముందు అది పెట్టండి.

కణాలు ఎందుకు చావవో చెప్తాను. టీఎన్ఎఫ్ వచ్చి టీఎన్ఎఫ్ఆర్1 రిసెప్టరుకు అతుక్కోగానే కణం లోపల రెండు దారులు తెరుచుకుంటాయి. ఒకటి కాస్పేజ్-8 అనే ఎంజైము మీదుగా చావు వైపు పోతుంది. రెండోది జన్యువులను నడిపించే ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్ వైపు. ఈ రెండోదే ముందు పరుగెత్తుతుంది. నిమిషాల్లో మొదలై, కణాన్ని కాపాడే సీఐఏపీ2, ఏ20, సీ-ఫ్లిప్ లాంటి ప్రోటీన్ల జన్యువులను లేపుతుంది. అవి తయారై మొదటి దారిని మూసేస్తాయి. అందుకే ఆరోగ్యంగా ఉన్న చాలా రకాల కణాలు టీఎన్ఎఫ్‌లో హాయిగా బతుకుతాయి. ఐఎల్-8 అనే వాపు సంకేతాన్ని విపరీతంగా వదులుతాయి గానీ చావవు. వాటిని చంపాలంటే ఆ కాపాడే ప్రోటీన్లు తయారు కాకుండా ఆపాలి. సైక్లోహెక్సిమైడ్‌తో గానీ ఆక్టినోమైసిన్-డితో గానీ చేసేది అదే.

డేటాషీట్లో ఈడీ50 మిల్లీలీటరుకు 0.05 నానోగ్రాముల కంటే తక్కువ అని ఉందని, మీరు అంతకు 200 రెట్లు ఇచ్చినా చావట్లేదని రాశారు. ఆ అంకె హీలాది కాదు. అది ఎల్929 అనే ఎలుక ఫైబ్రోబ్లాస్ట్ కణాల మీద, ఆక్టినోమైసిన్-డి కలిపి చూసిన అంకె. డేటాషీట్లో ఆ అంకె పక్కనే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, ఒకసారి చూడండి. ఆ పరీక్షలో సగం కణాలు చావడానికి ఎంత ప్రోటీన్ కావాలో అదే ఈడీ50. 10 లక్షలను ఆ అంకెతో భాగిస్తే మిల్లీగ్రాముకు ఎన్ని యూనిట్లో వస్తుంది. 0.05 అయితే 2 కోట్ల యూనిట్లు. ఒక లాట్‌కూ ఇంకో లాట్‌కూ పోల్చుకోవడానికి ఇది పనికొస్తుంది. మీ కణాలకు ఎంత మోతాదు ఇవ్వాలో మాత్రం దీన్నిబట్టి తేలదు.

ఇక పరీక్ష. ఎన్ఎఫ్-కప్పా-బిని కట్టిపడేసే ఐకప్పాబి-ఆల్ఫా ప్రోటీన్‌కు వెస్టర్న్ బ్లాట్ పెట్టండి. ఆరు వెల్స్ ప్లేటులో హీలా వేసి, మీ దగ్గరున్న స్టాక్‌తోనే మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు ఇచ్చి 0, 5, 15, 30, 60 నిమిషాలకు కణాలు తీయండి. ఆరో వెల్‌లో టీఎన్ఎఫ్ లేకుండా, అది కలిపిన నీళ్లు మాత్రమే వేసి 15 నిమిషాలకు తీయండి. సమయం అయిన వెంటనే మీడియం తోడేసి, చల్లటి ఉప్పు బఫర్ అయిన పీబీఎస్‌తో కడిగి, ఐసు మీదే లైసిస్ చేయాలి. ఇక్కడ రెండు నిమిషాలు అటూ ఇటూ అయితే బొమ్మ మారిపోతుంది. ప్రోటీన్ పనిచేస్తుంటే 15 నిమిషాలకు ఐకప్పాబి బ్యాండు దాదాపు మాయమవుతుంది, గంటకల్లా తిరిగి వస్తుంది. ఆ రావడం కూడా ఎన్ఎఫ్-కప్పా-బి చలవే, తనను కట్టిపడేసే ప్రోటీన్‌ను అదే మళ్లీ తయారు చేయించుకుంటుంది. పోయి వచ్చిన ఈ వరస కనిపిస్తే మీ ప్రోటీన్‌కు ప్రాణం ఉన్నట్టే.

అన్ని లేన్లలో ప్రోటీన్ సమానంగా పడిందో లేదో చూపే లోడింగ్ కంట్రోల్‌గా జీఏపీడీహెచ్ వాడకండి. అది 37 కిలోడాల్టన్ల దగ్గర వస్తుంది, ఐకప్పాబి కూడా దాదాపు అక్కడే. మొదటి యాంటీబాడీని కడిగేసి (స్ట్రిప్ చేసి) మళ్లీ పెడితే పాత సిగ్నల్ మిగిలి, మాయమైన బ్యాండు మాయం కానట్టు కనిపిస్తుంది. యాక్టిన్ 42 దగ్గర, అదీ పక్కనే. ట్యూబ్యులిన్ పెట్టుకోండి, మెంబ్రేన్‌ను అడ్డంగా కోసుకుని రెండూ విడివిడిగా చూడొచ్చు.

చావే చూడాలనుకుంటే నాలుగు వెల్స్ చాలు: ఏమీ లేనిది, టీఎన్ఎఫ్ మాత్రమే, సైక్లోహెక్సిమైడ్ మాత్రమే, రెండూ కలిపినది. సైక్లోహెక్సిమైడ్ మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములతో మొదలుపెట్టండి. అది ఒంటరిగానే కణాలను ఎక్కువ దెబ్బతీస్తుంటే తగ్గించండి. టీఎన్ఎఫ్ వేయడానికి అరగంట ముందే ఇవ్వాలి. నాలుగో వెల్‌లో కొన్ని గంటలకే కణాలు గుండ్రంగా మారి, బుడగలు బుడగలుగా ఉబ్బి ఊడిపోవడం మైక్రోస్కోపులోనే కనిపిస్తుంది. మూడో వెల్ లేకుండా ఈ ప్రయోగం ఎవరికీ చూపించకండి, మొదట అడిగేది దాని గురించే. సైక్లోహెక్సిమైడ్ మనకూ విషమే, గ్లవ్స్ లేకుండా తూచొద్దు.

ఇప్పుడు మీ స్టాక్ సంగతి. ఇది కొంచెం వివరంగా రాయాలి. టీఎన్ఎఫ్ లాంటి సైటోకైన్ల (కణాల మధ్య సంకేత ప్రోటీన్ల) మీద ల్యాబుల్లో డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే.

పొడి కనిపించకపోవడం తప్పు కాదు. 10 మైక్రోగ్రాముల ప్రోటీన్ కంటికి ఆనదు. ఒక్కోసారి గాజు గోడకు పల్చటి పొరలా ఉంటుంది, ఒక్కోసారి అదీ కనిపించదు. తెల్లటి ముద్ద కనిపిస్తే అది చాలావరకు వాళ్లు కలిపిన ఉప్పో, ట్రెహలోజ్ చక్కెరో, బీఎస్ఏ అనే ఆవు సీరం ప్రోటీనో. కానీ మూత తీయడానికి ముందు వయల్‌ను తప్పకుండా స్పిన్ చేయాలి. రవాణాలో తలకిందులై ఆ పొర మూతకు అంటుకుని ఉండొచ్చు. స్పిన్ చేయకుండా తీస్తే ప్రోటీన్ మూతతో పాటు పోతుంది. వచ్చేసారి బఫర్ పోసేటప్పుడు మూత లోపలి వైపు కూడా కడిగి తీసుకోవడం గుర్తుంచుకోండి.

రెండోది, మీరు చేసిన స్టాక్ మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు. వేరే ప్రోటీన్ తోడు లేకుండా ఇంత పల్చగా పెడితే ట్యూబు గోడలకు అంటుకుపోయే వాటా పెద్దదవుతుంది. పెద్ద గిన్నెలో చెంచాడు నెయ్యి వేస్తే సగం గిన్నెకే అంటినట్టు. అందుకే 0.1 శాతం బీఎస్ఏ కలుపుతాం. ముందుగా బీఎస్ఏ వెళ్లి గోడలను కప్పేస్తుంది, మన సైటోకైన్‌కు అంటుకోవడానికి చోటు దొరకదు. బీఎస్ఏ కలిపిన పీబీఎస్‌ను 0.2 మైక్రాన్ ఫిల్టరులో ముందే వడకట్టి పెట్టుకోండి. సైటోకైన్ కలిపాక మాత్రం వడకట్టొద్దు, ఉన్నదంతా మెంబ్రేన్ తాగేస్తుంది.

కొత్త వయల్ తెరిచినప్పుడు నేను చేసే లెక్క ఇది. స్పిన్ చేశాక 0.1 శాతం బీఎస్ఏ ఉన్న స్టెరైల్ పీబీఎస్ 100 మైక్రోలీటర్లు గోడల వెంబడి పోస్తాను. వోర్టెక్స్ చేయను, నురగలో ప్రోటీన్ మడత విప్పుకుంటుంది. గది ఉష్ణోగ్రతలో పది పదిహేను నిమిషాలు వదిలేసి, మధ్యలో మెల్లగా తిప్పుతాను. ఇప్పుడు మైక్రోలీటరుకు 100 నానోగ్రాములు. దాన్ని 5 మైక్రోలీటర్ల చొప్పున లో-బైండ్ ట్యూబుల్లో ఆలికోట్లు (చిన్న వాటాలు) చేసి మైనస్ 80లో పెడతాను. ఒక్కో ఆలికోట్‌లో 500 నానోగ్రాములు. ప్రయోగం రోజు ఒకటి తీసి ఐసు మీద కరిగించి, ఒకసారి స్పిన్ చేసి, 495 మైక్రోలీటర్ల సీరం ఉన్న మీడియం కలిపితే మైక్రోలీటరుకు 1 నానోగ్రాము. 1 మిల్లీలీటరు వెల్‌కు 10 మైక్రోలీటర్లు వేస్తే 10 నానోగ్రాములు. ఇలా ఒక్క ఆలికోట్ 50 వెల్స్‌కు సరిపోతుంది. మిగిలింది మళ్లీ ఫ్రీజ్ చేయను. ఈ మధ్య డైల్యూషన్ లేకుండా అసలు స్టాక్ నుంచి నేరుగా తీయాలంటే వెల్‌కు 0.1 మైక్రోలీటరు పిపెట్ చేయాలి, అది ఎవరి చేతా కాదు. మూడు రెప్లికేట్లు మూడు రకాలుగా వస్తున్నాయని వాపోయేవాళ్లలో చాలామందికి అసలు జబ్బు ఇదే.

ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రీజరులో పెట్టకండి. మంచు పేరుకోకుండా అది తనంతట తాను వేడెక్కి చల్లబడుతుంటుంది, మీకు తెలియకుండానే ఆలికోట్లు కరిగి గడ్డకడుతుంటాయి.

మీరు నీళ్లు వాడిన దాని గురించి. స్టెరైల్ నీళ్లలో కలపమని కొన్ని డేటాషీట్లే చెప్తాయి, అందులో దోషం లేదు. కానీ ఆటోక్లేవ్ చేసిన నీళ్లన్నారు. ఆటోక్లేవ్ బ్యాక్టీరియాను చంపుతుంది, దాని పైపొరలోని ఎండోటాక్సిన్ (ఎల్‌పీఎస్) అనే విషాన్ని మాత్రం అలాగే వదిలేస్తుంది. గాజు సామాను మీద ఎండోటాక్సిన్ పోవాలంటే 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట ఉంచాలి. నీళ్లు కావాలంటే ఇంజెక్షన్ గ్రేడు నీళ్లు కొనుక్కోండి, వాటికి మిల్లీలీటరుకు 0.25 ఎండోటాక్సిన్ యూనిట్లన్న హద్దు ఉంటుంది, ఖరీదూ తక్కువే.

ఇక్కడి నుంచే ఈ.కోలినా, హెచ్ఈకే293నా అన్న చర్చలోకి వద్దాం.

మానవ కణాల్లో చేసిన ప్రోటీన్ ఎందుకు కొంటాం? ప్రధానంగా గ్లైకోసైలేషన్ (చక్కెర గొలుసులు తగిలించడం) కోసం, కష్టమైన డైసల్ఫైడ్ బంధాలు సరిగ్గా పడటం కోసం. ఎరిత్రోపోయెటిన్ బరువులో దాదాపు 40 శాతం చక్కెర గొలుసులే, దానికి అది ముఖ్యం. టీజీఎఫ్-బీటా1లో డైసల్ఫైడ్ల ముడి చిక్కుగా ఉంటుంది, దానికీ అర్థముంది. టీఎన్ఎఫ్ కథ వేరు. 233 అమైనో ఆమ్లాల ప్రోటీన్‌గా కణ పొరలో పుడుతుంది. ఏడీఏఎం17 ఎంజైము దాన్ని 76కూ 77కూ మధ్య కోస్తే 157 అమైనో ఆమ్లాల ముక్క బయటికొస్తుంది. డేటాషీట్లో వాలీన్77 నుంచి లూసీన్233 అని ఉండేది అదే. దాని మీద ఎన్-గ్లైకోసైలేషన్ లేదు. డైసల్ఫైడ్ బంధం ఒకే ఒక్కటి. 17 కిలోడాల్టన్ల గొలుసులు మూడు కలిసి 52 కిలోడాల్టన్ల ట్రైమర్ అవుతాయి, ఈ.కోలిలో కూడా చక్కగా అవుతాయి. కాబట్టి టీఎన్ఎఫ్ విషయంలో మూడింతల ధరకు మీకు దక్కేది ప్రధానంగా ఒక్కటే: ఈ.కోలి ఎండోటాక్సిన్ భయం లేకపోవడం. ఆ భయం మీకు ఎంత ఉందో లెక్క వేసుకుని నిర్ణయించుకోండి.

లెక్క చూపిస్తాను. మీ సర్టిఫికెట్‌లో మైక్రోగ్రాముకు 1 ఎండోటాక్సిన్ యూనిట్ లోపు అని ఉందనుకుందాం. 1 యూనిట్ అంటే దాదాపు 0.1 నానోగ్రాము ఎల్‌పీఎస్. మీరు 10 నానోగ్రాముల టీఎన్ఎఫ్ ఇస్తే మిల్లీలీటరుకు 0.01 యూనిట్, అంటే 1 పికోగ్రాము ఎల్‌పీఎస్. హీలాకు అది లెక్కలోది కాదు, అవి ఎల్‌పీఎస్‌కు పెద్దగా పలకవు. మామూలు హెచ్ఈకే293 కణాల్లోనైతే ఎల్‌పీఎస్‌ను పసిగట్టే టీఎల్ఆర్4 రిసెప్టర్ అసలే లేదు. అదే మీరు మనిషి రక్తంలోని మోనోసైట్ల మీద 500 నానోగ్రాములు వేస్తే ఎల్‌పీఎస్ 50 పికోగ్రాములకు చేరుతుంది. మోనోసైట్లు ఆ మోతాదుకు మేలుకుంటాయి. అప్పుడు మీరు చూస్తున్నది టీఎన్ఎఫ్ పనో ఎల్‌పీఎస్ పనో చెప్పలేరు, రెండూ చివరకు ఎన్ఎఫ్-కప్పా-బి దగ్గరికే వస్తాయి. అలాంటి పనికైతే మైక్రోగ్రాముకు 0.1 యూనిట్ లోపు ఉన్న లాట్ అడగండి, లేదా హెచ్ఈకేది కొనండి, డబ్బు వృథా కాదు.

టీఎన్ఎఫ్, ఎల్‌పీఎస్‌ల మధ్య ఈ పేచీ పాతది. 1975లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్-కెటరింగ్‌లో ఎలిజబెత్ కార్స్‌వెల్, లాయిడ్ ఓల్డ్ బృందం టీఎన్ఎఫ్‌ను గుర్తించింది బీసీజీ ఇచ్చిన ఎలుకలకు ఎండోటాక్సిన్ ఎక్కించి తీసిన సీరంలోనే. ఎండోటాక్సిన్ పడితే శరీరం వదిలే మొదటి ప్రోటీన్లలో టీఎన్ఎఫ్ ఒకటి. 1984లో జెనెన్‌టెక్ వాళ్లు మానవ టీఎన్ఎఫ్ జన్యువును క్లోన్ చేసి ఈ.కోలిలో తయారు చేశారు. ఆ మరుసటి ఏడాది బ్రూస్ బాయిట్లర్, ఆంథనీ సెరామీ క్యాకెక్టిన్ అనే మరో ప్రోటీన్ మీద పనిచేస్తూ, అదీ ఇదీ ఒకటేనని తేల్చారు. ఎల్‌పీఎస్‌ను పసిగట్టేది టీఎల్ఆర్4 అని 1998లో చూపించింది కూడా ఆ బాయిట్లరే, 2011 నోబెల్ దానికే. పుట్టుక నుంచే టీఎన్ఎఫ్ వెంట ఎల్‌పీఎస్ ఉంది కాబట్టి, రెంటినీ విడదీసే కంట్రోల్ లేకపోతే రివ్యూయర్ ఊరుకోరు.

ఆ కంట్రోల్ ఖరీదైనది కూడా కాదు. కొంచెం టీఎన్ఎఫ్‌ను 95 డిగ్రీల్లో అరగంట మరగబెట్టండి. ప్రోటీన్ నాశనమవుతుంది, ఎల్‌పీఎస్ మిగులుతుంది. మరగబెట్టింది వేసినా కణాలు అదే జవాబు ఇస్తే, ఆ జవాబు టీఎన్ఎఫ్‌ది కాదు. పక్కన ఇంకో వెల్‌లో టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే యాంటీబాడీ ముందే కలిపి పెట్టండి. ఇక్కడ జవాబు పూర్తిగా ఆగిపోవాలి. ఈ రెండూ కలిసి ఉంటే ఎవరూ వేలెత్తి చూపలేరు.

మరి కొన్ని విషయాలు, మీకు ముందు ముందు తగిలేవి. టీఎన్ఎఫ్ వేసిన మీడియంలోనే టీఎన్ఎఫ్ ఎలైసా (యాంటీబాడీతో ప్రోటీన్‌ను కొలిచే పరీక్ష) చేసి "కణాలు టీఎన్ఎఫ్ వదిలాయి" అనకూడదు, మీరు పోసిందే అందులో కనిపిస్తుంది. ఐఎల్-8 గానీ ఐఎల్-6 గానీ కొలవండి. ఎలుక కణాల మీద మానవ టీఎన్ఎఫ్ టీఎన్ఎఫ్ఆర్1 ద్వారా పనిచేస్తుంది, ఎలుక టీఎన్ఎఫ్ఆర్2ను మాత్రం సరిగ్గా పట్టుకోదు. టీఎన్ఎఫ్ఆర్2 మీద మీ ప్రశ్న ఉంటే ఎలుకదే కొనాలి. ట్యాగ్ (గుర్తు కోసం తగిలించిన ముక్క) ఉన్నది కొంటే ఎన్-చివర ట్యాగ్ ఉన్నది తీసుకోండి, సీ-చివర ట్రైమర్ లోపలి కట్టుకు దగ్గర కాబట్టి అక్కడ ట్యాగ్ పెడితే పని దెబ్బతినే ప్రమాదముంది.

మా దగ్గర ఒక విద్యార్థి కొత్త వయల్‌ను జెల్ మీద నడిపించి, 66 కిలోడాల్టన్ల దగ్గర లావుగా ఒక బ్యాండు, 17 దగ్గర కనీకనిపించనట్టు ఒకటి వచ్చాయని, కల్తీ సరుకని కంపెనీకి ఉత్తరం రాయబోయాడు. ఆ 66 బీఎస్ఏ. క్యారియర్‌తో (తోడు ప్రోటీన్‌తో) వచ్చే వయల్‌లో 1 మైక్రోగ్రాము సైటోకైన్‌కు 50 మైక్రోగ్రాముల బీఎస్ఏ ఉండటం మామూలే. జెల్‌కు, లేబులింగ్‌కు, మాస్ స్పెక్‌కు క్యారియర్-ఫ్రీ అడిగి తెప్పించుకోవాలి. కణాలకు వేయడానికి క్యారియర్ ఉన్నదే మేలు.

ఇంకో ల్యాబ్‌లో సహోద్యోగి ఒకరు టీఎన్ఎఫ్ లాట్ మార్చాక ఐఎల్-8 పెరిగే రెట్లు సగానికి పడిపోయాయని వచ్చారు. పాత లాట్, కొత్త లాట్ పక్కపక్కన 0.1, 1, 10 నానోగ్రాముల దగ్గర పెట్టి చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. టీఎన్ఎఫ్ వేయని వెల్స్‌లోనే ఐఎల్-8 ముందుకంటే ఎక్కువగా ఉంది. అదే వారంలో సీరం లాట్ మారింది. అప్పటి నుంచి వాళ్లు పాత లాట్ ఆలికోట్ ఒకటి దాచకుండా కొత్తది తెరవరు. మీరూ అలాగే చేయండి.

మే నెల ఎండల్లో హైదరాబాద్‌కు పార్సిల్ వచ్చేసరికి ఐస్‌ప్యాకులు కరిగి గోరువెచ్చగా ఉంటాయి. లయోఫిలైజ్ చేసిన (గడ్డకట్టించి ఆరబెట్టిన) పొడి అయితే కంగారు పడొద్దు, రోజుల తరబడి గది వేడిని తట్టుకుంటుంది. లేబుల్ చూసి, పైన చెప్పిన బ్లాట్ పెట్టి చూసుకోండి. ద్రవ రూపంలో వచ్చిందైతే మాత్రం పార్సిల్ విప్పుతూనే ఫోటో తీసి కంపెనీకి రాయండి.

ఇక్కడ రాసిందంతా టీఎన్ఎఫ్‌కు. ఇదే పద్ధతిని గుడ్డిగా అన్నిటికీ పెట్టకండి. టీజీఎఫ్-బీటా1ను 4 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించాలి, నేరుగా పీబీఎస్ పోస్తే సరిగ్గా కరగదు. ఎఫ్‌జీఎఫ్2 మీడియంలో 37 డిగ్రీల దగ్గర ఒక రోజులోపే బలం చాలావరకు కోల్పోతుంది, అందుకే స్టెమ్ సెల్ వాళ్లు రోజూ మీడియం మారుస్తారు.

చివరగా, ఈ వయల్ క్యాన్సర్ రోగికి పనికొస్తుందా అని మీ బంధువులు అడుగుతున్నారని రాశారు. పనికిరాదు, ఏ పరిస్థితిలోనూ ఇవ్వకూడదు. పరిశోధనకు మాత్రమే అని ముద్రించిన ప్రోటీన్‌ను మనుషులకు ఇవ్వడానికి కావలసిన ప్రమాణాలతో తయారు చేయరు. పైగా టీఎన్ఎఫ్ రక్తంలోకి ఎక్కితే బీపీ పడిపోయి సెప్టిక్ షాక్ లాంటి స్థితి వస్తుంది. టాసోనెర్మిన్ పేరుతో 1999లో యూరప్‌లో మందుగా అనుమతి పొందిన టీఎన్ఎఫ్‌ను కూడా చేతి లేదా కాలి రక్తప్రసరణను మిగతా శరీరం నుంచి వేరుచేసి, ఆ అవయవానికే పరిమితం చేసి ఇస్తారు. ఈ మాట వాళ్లకు స్పష్టంగా చెప్పండి.

ముందు ఐకప్పాబి బ్లాట్ చేసి ఫోటో ఇక్కడ పెట్టండి. 15 నిమిషాల దగ్గర బ్యాండు పోకపోతే ఫ్రిజ్‌లోని స్టాక్ పక్కన పెట్టి, ఈ.కోలి వయలే ఇంకొకటి తెప్పించి పైన చెప్పినట్టు కలపండి. అదీ పలకకపోతే లాట్ నంబరుతో కంపెనీకి బ్లాట్ పంపుదాం, ఏం రాయాలో నేను చెప్తాను.